పూసలతో జనాభా పటం: పని డైరీ

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 23 జిల్లాల జనాభాను 2011 జనగణన లెక్కల ప్రకారం ప్లైవుడ్ బోర్డు మీద పూసలతో చూపించడం ఈ పని. ఒక పూస అంటే 25,000 మంది. మా హైస్కూలు సోషల్ గదిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో కలిసి చేస్తున్నాం. ఇంకో బడిలో ఎవరైనా ఇదే పని ఎత్తుకుంటే మాకు వృథా అయిన సామాను, సమయం వాళ్లకు మిగలాలని కొలతలతో సహా రాస్తున్నాను.

ఇప్పటి జిల్లాలు ఎందుకు వేయలేదని అందరూ అడుగుతున్నారు. తెలంగాణలో జిల్లాలు 2019 నాటికి 33 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. జనాన్ని లెక్కపెట్టింది మాత్రం పాత సరిహద్దుల్లోనే. గీత జరిపితే దాని లోపలి మండలాలన్నీ మళ్లీ కూడుకోవాలి. పోలవరం ముంపు మండలాలు 2014లో ఖమ్మం నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మారాయి కాబట్టి రాష్ట్రాల మొత్తాలు కూడా మారతాయి. అంకెను ఏ గీత లోపల లెక్కపెట్టారో ఆ గీతతోనే వేయాలి. కొత్త సరిహద్దులు తర్వాత పైన వేలాడే పారదర్శక షీటు మీదకు వస్తాయి.

దశ 1: స్కేలు తేల్చుకోవడం

మొదట ఒకే ప్లైవుడ్ షీటు మీద 1:10,00,000 స్కేలు అనుకున్నాం, అంటే 1 సెం.మీ.కు 10 కి.మీ. హైదరాబాదు దగ్గర ఈ స్కేలు ఆగిపోయింది. పాత హైదరాబాదు జిల్లా వైశాల్యం 217 చ.కి.మీ., జనాభా 39,43,323. ఆ స్కేలులో జిల్లా 2.17 చదరపు సెంటీమీటర్లే. 2 మి.మీ. పూసలు అందులో 54 పడతాయి. కావలసినవి 158.

రెండు దారులు కనిపించాయి. పూస విలువ పెంచడం మొదటిది. పూసకు లక్ష మంది అనుకుంటే హైదరాబాదుకు 39 చాలు, కానీ ఆదిలాబాద్ జిల్లా అంతటికీ 27 పూసలే వస్తాయి. అడవి ఎక్కడ, బొగ్గు గనుల పట్టణాలెక్కడ అన్నది వాటితో చెప్పలేం. అందుకని స్కేలే మార్చాం.

1. 6×4 అడుగుల ప్లైవుడ్ షీట్లు రెండు పక్కపక్కన బిగించాం. మొత్తం 183 సెం.మీ. ఎత్తు, 244 సెం.మీ. వెడల్పు.
2. స్కేలు 1:5,00,000, అంటే 1 సెం.మీ.కు 5 కి.మీ., 1 చ.సెం.మీ.కు 25 చ.కి.మీ.
3. ఉమ్మడి రాష్ట్రం సుమారు 12°37′ నుంచి 19°55′ ఉత్తర అక్షాంశాల మధ్య ఉంది. బోర్డు మీద 161 సెం.మీ. ఎత్తు అవుతుంది.
4. వెడల్పు సుమారు 172 సెం.మీ. పక్కన 70 సెం.మీ. ఖాళీ మిగులుతుంది. అది సూచికకూ, ఇంకో చిన్న పటానికీ.

ఇప్పుడు హైదరాబాదు 8.7 చ.సెం.మీ. 217 పూసలు పట్టే జాగాలో 158 కూర్చుంటాయి.

ఇక్కడ ఒక పిల్ల అడిగింది: "పది లక్షలు పెద్దది కదా టీచర్, దాన్ని చిన్న స్కేలు అంటారేంటి?" బోర్డు మీద భిన్నాలుగా రాయించాను. పది లక్షల్లో ఒకటో వంతు, అయిదు లక్షల్లో ఒకటో వంతు. ఏది పెద్ద ముక్కో వాళ్లే చెప్పారు. స్కేలు రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లవుతుందని మాత్రం చెబితే నమ్మలేదు. 2.17ను 8.7 పక్కన గ్రాఫు కాగితం మీద గీసి చూశాక నమ్మారు.

దశ 2: రూపురేఖ దించడం (రెండు పద్ధతులు పనికిరాలేదు)

*జిరాక్సు పద్ధతి.* 1 సెం.మీ.కు 20 కి.మీ. ఉన్న పటాన్ని ముక్కలుగా నాలుగు రెట్లు పెద్దది చేయించి అతికించాం. రెండు తెలిసిన దూరాలతో పరీక్షించాం. అక్షాంశ రేఖాంశాల నుంచి లెక్కగడితే హైదరాబాదు, విజయవాడల మధ్య నేరుగా సుమారు 250 కి.మీ., అంటే 50 సెం.మీ. రావాలి. 48.6 వచ్చింది. విజయవాడ, విశాఖపట్నాల మధ్య సుమారు 303 కి.మీ.కు 60.6 రావాలి. 61.3 వచ్చింది. రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గి ఉంటే స్కేలు అంకె మార్చుకుని సరిపెట్టుకోవచ్చు. ఒకటి తగ్గి ఒకటి పెరిగితే పటమే వంకర పోయినట్టు. పక్కన పెట్టేశాం.

దీనివల్ల ఒక పాఠం మాత్రం చక్కగా చెప్పగలిగాను. పెద్దది చేసిన కాగితం మీద "1 సెం.మీ. = 20 కి.మీ." అన్న రాత అలాగే ఉంది, అది ఇప్పుడు అబద్ధం. దాని పక్కన గీసిన రేఖా స్కేలు (కిలోమీటర్ల గుర్తులున్న గీత) మాత్రం పటంతో పాటే సాగింది కాబట్టి ఇంకా పనిచేస్తోంది. ఫోనులో వేలితో పెద్దది చేసి చూసే పటాలకూ ఇదే సంగతి. మీ పటం మీద రాతతో పాటు రేఖా స్కేలు తప్పక గీయండి.

*ప్రొజెక్టర్ పద్ధతి.* పైఅంచు కిందిఅంచు కంటే 4 సెం.మీ. వెడల్పుగా పడింది. యంత్రాన్ని ఎత్తు మార్చి సరిచేస్తే మధ్యలో ఉబ్బు వచ్చింది. ఈ పద్ధతి ఎవరికీ చెప్పను.

దశ 3: అక్షాంశ రేఖాంశాల వల

చివరికి వలను మేమే లెక్కగట్టి గీశాం. మా పనిలో నాకు బాగా నచ్చిన దశ ఇదే. డ్రాయింగ్ మాస్టారు మొదట అన్నీ సమానమైన చదరాలు వేద్దామన్నారు. అది కుదరదు. అక్షాంశాల మధ్య దూరం అంతటా దాదాపు ఒకటే: డిగ్రీకి సుమారు 110.7 కి.మీ., బోర్డు మీద 22.1 సెం.మీ. రేఖాంశాలు మాత్రం ఉత్తరానికి వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి.

- 13° అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం: 108.5 కి.మీ., బోర్డు మీద 21.7 సెం.మీ.
- 19° దగ్గర: 105.3 కి.మీ., 21.1 సెం.మీ.

తేడా చిన్నదే కానీ 77° నుంచి 85° దాకా 8 డిగ్రీలకు కలిపితే 5 సెం.మీ. అవుతుంది, అంటే 25 కిలోమీటర్లు. సమాన చదరాలు వేస్తే ఆదిలాబాదూ శ్రీకాకుళమూ ఉన్నదానికంటే వెడల్పయి, వాటి జనసాంద్రత ఉత్తినే తగ్గినట్టు కనిపిస్తుంది.

1. మధ్యన 81° రేఖాంశాన్ని నిట్టనిలువుగా గీశాం. తూకం దారంతో సరిచూశాం.
2. దాని మీద 22.1 సెం.మీ.కు ఒకటి చొప్పున అక్షాంశాలు అడ్డంగా.
3. ప్రతి అక్షాంశం మీదా ఆ అక్షాంశానికి లెక్కగట్టిన దూరాల్లో గుర్తులు.
4. గుర్తులను కలిపితే పక్క రేఖాంశాలు పైకి వెళ్లేకొద్దీ లోపలికి వాలతాయి.

గుండ్రటి భూమిని చదును చేసే ఏ పద్ధతైనా ఏదో ఒకదాన్ని వదులుకోవాలి. ఇందులో అంచుల దగ్గర ఆకారాలు కొంచెం పక్కకు ఒరుగుతాయి, వైశాల్యాలు చెడవు. జనసాంద్రత అంటే వైశాల్యానికి ఎంతమంది అన్న లెక్క కాబట్టి మాకు కావలసింది అదే. ఓడ నడిపేవాడికైతే వేరే ప్రక్షేపం, అంటే చదును చేసే వేరే పద్ధతి, కావాలి.

సరిహద్దులను గడి గడిగా చూసి దించాక జిల్లాల వైశాల్యాలు గ్రాఫు ట్రేసింగుతో పరీక్షించాం. కృష్ణా జిల్లా 8,727 చ.కి.మీ. కాబట్టి 349 చ.సెం.మీ. రావాలి. 338 వచ్చింది. వెతికితే దివిసీమ దగ్గర తీరం మరీ నున్నగా పోయింది. అక్కడ మళ్లీ గీస్తే 346కు వచ్చింది. ఈ స్కేలులో ఆమాత్రం తేడా ఉంటుంది. తీరంలోని ప్రతి మలుపునూ చూపడం ఏ పటానికీ కుదరదు, దేన్ని ఉంచి దేన్ని వదలాలన్నది స్కేలే నిర్ణయిస్తుంది.

యానాం గురించి: తూర్పు గోదావరి మధ్యలో ఉన్నా అది పుదుచ్చేరిది. 2011లో జనాభా 55,626. మా మొత్తంలో కలపలేదు. చిన్న ఖాళీ వదిలి రెండు ఎర్ర పూసలు పెట్టాం.

దశ 4: ఆవాల నుంచి పూసలకు

మొదట అతికించినవి ఆవాలు. ఇంట్లో ఉంటాయి, ఖర్చు లేదు. పనికిరాకపోవడానికి కారణాలు:

- జల్లెడ పట్టినా 1 నుంచి 2 మి.మీ. దాకా రకరకాల సైజులు. పెద్ద ఆవగింజ ఉన్నచోట ఎక్కువ జనం ఉన్నట్టు కన్ను భ్రమపడుతుంది. చుక్కల పటంలో అన్ని చుక్కలూ ఒకే సైజులో ఉండాలి.
- గుండ్రంగా ఉండి జిగురు కొంచెమే పట్టుకుంటుంది. బోర్డు నిలబెట్టిన మర్నాటికి కింద గింజలు.
- ముసురు రోజుల్లో తేమకు ఉబ్బాయి.

పెసలు ప్రయత్నించాం. 4 మి.మీ. గింజలు హైదరాబాదులో 54 కంటే పట్టవు. చివరికి గాజుల దుకాణంలో దొరికే 2 మి.మీ. నల్ల పూసలు తెచ్చాం. అన్నీ ఒకే సైజు, రంధ్రంలోకి జిగురు దిగి గట్టిగా పట్టుకుంటుంది. సన్నటి సూది మొనతో ఎత్తి పెట్టాలి, వేళ్లతో రాదు.

ప్రతి జిల్లా జనాభాను 25,000తో భాగించి దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే మొత్తం 3,385 పూసలు వచ్చాయి. రాష్ట్ర జనాభా 8,45,80,777ను నేరుగా భాగిస్తే 3,383. సవరింపుల వల్ల రెండు పూసలు ఎక్కువ, అంటే 50,000 మంది. సూచికలో ఆ మాట రాశాం. దాచితే ఎవరో ఒకరు కూడి చూసి అడుగుతారు, అడగాలి కూడా.

దశ 5: డెల్టా జిల్లాలు

ముందు కృష్ణా జిల్లా: 181 పూసలు. మొదటి ప్రయత్నంలో సమదూరంగా, సుమారు 1.9 చ.సెం.మీ.కు ఒకటి చొప్పున పరిచాం. చూడ్డానికి చక్కగా ఉంది, కానీ కొల్లేరు మధ్యలో పూసలు, విజయవాడలో రెండే పూసలు. అది జిల్లా సగటును బొమ్మగా వేయడం మాత్రమే. చదరపు కిలోమీటరుకు 518 మంది అన్న అంకె నిజమే, అయినా జిల్లాలో ఏ చోటా సరిగ్గా 518 మంది ఉండరు. సాంద్రత భాగహారం చేస్తే వస్తుంది. ఎవరు ఎక్కడ ఉన్నారన్న విస్తరణ తెలియాలంటే ఊళ్లు తెలియాలి. ఆ పూసలన్నీ పీకేశాం.

మార్చిన పద్ధతి:

1. మండలం జనాభాను 25,000తో భాగించాలి. 60,000 ఉంటే రెండు పూసలు, 10,000 మిగులు.
2. రెండు పూసలను పెద్ద ఊళ్ల దగ్గర పెట్టాలి.
3. మిగులును పక్క మండలం మిగులుతో కలపాలి. 25,000కు చేరగానే ఆ మండలాల్లోని పెద్ద ఊరి దగ్గర ఒక పూస.
4. నీళ్లు, దట్టమైన అడవి ఉన్నచోట్లను ముందే పెన్సిలుతో అడ్డగీతలు గీసి మూసేయాలి.
5. చివర్లో జిల్లా మొత్తం సరిపోవాలి. సరిపోకపోతే మిగులు ఎక్కడో రెండుసార్లు వాడినట్టే.

విజయవాడకు 41 పూసలు వచ్చాయి. నగరపాలక సంస్థ వైశాల్యం సుమారు 62 చ.కి.మీ., అంటే 2.5 చ.సెం.మీ. పూసలు హైదరాబాదులో ఎంత ఇరుకుగా కూర్చున్నాయో ఇక్కడా దాదాపు అంతే. ఎందుకని పిల్లలు అడిగితే రెండు రకాల కారణాలు విడదీసి రాయించాను. ఊరు నిలిచిన చోటు: కొండల మధ్య కృష్ణ ఇరుకయ్యే జాగా, అందుకే 1855లో ఆనకట్ట అక్కడ పూర్తయింది, తర్వాత ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఊరికి బయటితో ఉన్న సంబంధాలు: చెన్నై నుంచి కోల్‌కతాకు, ఢిల్లీకి వెళ్లే రైలు మార్గాలు అక్కడే విడిపోతాయి. మొదటిది ఊరిని పుట్టిస్తుంది, రెండోది నగరాన్ని చేస్తుంది.

గోదావరి జిల్లాల్లోనూ చిక్కటి, పలచటి చోట్ల మధ్య తేడా స్పష్టం. ధవళేశ్వరం ఆనకట్ట (1852) కింద కాలువల వెంట పూసలు దండలా వరుసకట్టాయి. పైన రంపచోడవరం, మారేడుమిల్లి వైపు బోర్డు చెక్క కనిపిస్తోంది. కోనసీమ దగ్గర ఇబ్బంది వచ్చింది: ఇళ్లు కొబ్బరి తోటల్లో చెదిరి ఉంటాయి, ఊరు ఎక్కడ ముగిసిందో తెలియదు. అక్కడ పూసలను ఊళ్ల మీద కాకుండా మండలమంతా విడివిడిగా పరిచాం. మెట్ట ప్రాంతంలో ఊరు ఒకేచోట గుంపుగా ఉంటుంది కాబట్టి అక్కడ ఆ పద్ధతి వాడకూడదు.

కృష్ణా 181, పశ్చిమ గోదావరి 157, తూర్పు గోదావరి 206, గుంటూరు 196. ఇప్పటిదాకా: 740.

దశ 6: ఉత్తరాంధ్ర

విశాఖపట్నం జిల్లాకు 172 పూసలు. నగరం జనాభా 17.28 లక్షలు, 69 పూసలు అక్కడే అయిపోయాయి. మిగిలిన 103లో ఎక్కువ భాగం మైదానానివే. పాడేరు, అరకు, చింతపల్లి వైపు ఏజెన్సీ మండలాలు విశాలమైనవి, పూసలు కొన్నే. జిల్లా సగటు 384 అన్న అంకెలో ఈ రెండు లోకాలూ కలిసిపోయాయి. పిల్లలకు సగటు అంటే అనుమానం పుట్టించడానికి ఇంతకంటే మంచి జిల్లా లేదు.

ఏజెన్సీలో మిగులు కలిపే పద్ధతి ఇబ్బంది పెట్టింది. ఒక పూసకు సరిపడే జనం ఎన్నో కొండ ఊళ్లలో పంచుకుని ఉంటారు. పూస ఒక ఊరి దగ్గర పెడితే మిగతావన్నీ లేనట్టే. ఆ ప్రాంతానికి మాత్రం ఒక పూసకు బదులు 5,000 మంది చొప్పున అయిదు చిన్న తెల్ల రంగు చుక్కలు వేశాం. సూచికలో రెండు గుర్తులూ ఉన్నాయి. రెండు విలువలుంటే చదివేవాడు తికమకపడతాడని డ్రాయింగ్ మాస్టారు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. ఆయన మాటలో న్యాయం ఉంది, అయినా ఊళ్లను చెరిపేయడం కంటే ఇదే మేలని నా నిర్ణయం.

శ్రీకాకుళం 108, విజయనగరం 94, విశాఖపట్నం 172. ఇప్పటిదాకా: 1,114.

దశ 7: దక్షిణ కోస్తా, రాయలసీమ

ప్రకాశం 136, నెల్లూరు 119. ప్రకాశంలో నల్లమల వైపు అడ్డగీతలు, మిగతా పూసలు తూర్పుకు జరిగాయి.

సీమ నాలుగు జిల్లాలకు 607: కడప 115, కర్నూలు 162, అనంతపురం 163, చిత్తూరు 167. డెల్టా నాలుగు జిల్లాలు 38,667 చ.కి.మీ.లో 740 పూసలైతే, సీమ 67,299 చ.కి.మీ.లో 607. "సీమలో జనం లేరా టీచర్?" అన్నాడొకడు. 607ను 25,000తో గుణించమన్నాను. కోటిన్నర దాటింది. పలచగా ఉండటం వేరు, తక్కువగా ఉండటం వేరు. పటం మొదటిదాన్ని కంటికి చూపిస్తుంది, రెండోది తెలియాలంటే పూసలు లెక్కపెట్టాల్సిందే.

ఇప్పటిదాకా: 1,976.

దశ 8: తెలంగాణ

హైదరాబాదు 158 ముందు. బయటి అంచు నుంచి లోపలికి పెట్టుకుంటూ రావాలి. మధ్య నుంచి మొదలుపెడితే చివరి పూసలు సరిహద్దు దాటాయి, జిగురు ఆరకముందే తీయాల్సి వచ్చింది.

తర్వాత రంగారెడ్డి: 7,493 చ.కి.మీ., 212 పూసలు. ఈ జిల్లా హైదరాబాదును చుట్టూ చుట్టుకుని ఉంటుంది. జనంలో 70 శాతం పట్టణ వాసులే. కూకట్‌పల్లి, మల్కాజిగిరి, ఎల్బీనగర్, శేరిలింగంపల్లి వైపు పూసలు హైదరాబాదు పూసలకు అతుక్కుపోయాయి, జిల్లా గీత వాటి కింద కనిపించడం మానేసింది. గీతను మళ్లీ పైన వేద్దామని పిల్లలు అన్నారు, వద్దన్నాను. నగరం జిల్లా గీత దగ్గర ఆగదన్న సంగతి అక్కడ కళ్లకు కడుతోంది.

మహబూబ్‌నగర్ 162 దగ్గర వేరే రకం ప్రశ్న. 2011 జనగణన గణన ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. ఆ రోజులన్నీ ఊరికి దూరంగా ఉన్నవాళ్లు ఉన్నచోటే లెక్కలోకి వస్తారు. పాలమూరు కూలీలు వలసపోయి పనుల మీద ఉండే కాలం అది. కాబట్టి హైదరాబాదులోనో, ఎక్కడో ప్రాజెక్టు పనుల దగ్గరో ఉన్న ఒక పూసలో పాలమూరు ఇళ్లు కూడా ఉంటాయి. జనాభా పటం ఒక కాలానికి తీసిన ఫొటో లాంటిది, వలసలను అది పట్టుకోలేదు. సూచిక కింద ఆ తేదీలు రాయించాను. ఏ జనాభా పటం మీదైనా తేదీ లేకపోతే దాన్ని నమ్మకండి.

మిగతావి: ఆదిలాబాద్ 110, నిజామాబాద్ 102, కరీంనగర్ 151, మెదక్ 121, నల్లగొండ 140, వరంగల్ 141, ఖమ్మం 112. నల్లగొండలో సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు చిక్కగా, దేవరకొండ వైపు పలచగా. ఆదిలాబాద్‌లో మంచిర్యాల, బెల్లంపల్లి బొగ్గు పట్టణాల దగ్గర ఒక గుంపు.

ఇప్పటిదాకా: 3,385. లెక్క సరిపోయింది.

దశ 9: "మన ఊరేది?"

పని పూర్తయిందనుకున్నాక చిన్నపిల్లలు వచ్చి అడిగిన మొదటి ప్రశ్న ఇది. మా ఊరికి పూస లేదు. 25,000 మందికి చేరాలంటే మా లాంటి ఊళ్లు ఆరేడు కలవాలి. సూదిమొనతో చూపించి "ఈ పూసలో మనం ఉన్నాం" అంటే వాళ్లకు తృప్తి కలగలేదు, కలగకపోవడం సబబే.

బోర్డు పక్కనున్న 70 సెం.మీ. ఖాళీలో మండలం పటం మొదలుపెట్టాం.

1. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు (ఊళ్లు, నీళ్లు, పొలాలు వివరంగా చూపే పటం) స్కేలే తీసుకున్నాం: 1:50,000, అంటే 1 సెం.మీ.కు 500 మీటర్లు. పెద్ద పటం కంటే పది రెట్లు పెద్ద స్కేలు.
2. ఒక పూసకు 250 మంది. రెండు పటాల సూచికలూ వేర్వేరు పెట్టెల్లో, వేర్వేరు రంగుల్లో.
3. పెద్ద పటం మీద మండలం ఉన్నచోట ఎర్ర చతురస్రం, అక్కడి నుంచి దారం.
4. టోపోషీటులో ఉన్నట్టే నీళ్లకు నీలం, సాగుకు పసుపు, ఇళ్లకు ఎరుపు.

ఇక్కడ తెలిసింది ఏమిటంటే, పెద్ద పటంలో లేని ఆకారాలు ఇందులో కనిపిస్తున్నాయి. రోడ్డు పొడవునా సాగిన ఊరు, చెరువు కట్ట కింద గుంపుగా కూర్చున్న ఊరు, విడిగా ఉన్న తండా. పిల్లలు తమ వీధి నుంచి మొదలుపెట్టి పూసలు తామే పెడుతున్నారు, నేను మొత్తాలు మాత్రం సరిచూస్తున్నాను.

మిగిలిన పని

- కొత్త జిల్లాల పారదర్శక షీటు. ప్లాస్టిక్ షీటు ఎండకు సాగుతోంది, వలలోని నాలుగు మూలల గుర్తులు 3 మి.మీ. దాకా తప్పుతున్నాయి. మందం ఎక్కువున్న షీటు తేవాలి.
- పూసల మీద పలచటి వార్నిష్ ఒక పూత. ముందు చెక్క ముక్క మీద పరీక్షించాలి, నల్ల రంగు దిగుతుందేమో చూడాలి.
- మండలం పటంలో రెండు పంచాయతీల పూసలు.
- తర్వాతి జనగణన లెక్కకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఆ అంకెలు వచ్చాక పెరిగిన జనానికి నీలం పూసలు అదనంగా పెడతాం. నగరాల్లో జాగా చాలదు, హైదరాబాదుకు 59 పూసల చోటే మిగిలింది. దానికి పక్కన 1:1,00,000 స్కేలులో వేరే పెట్టె కావాలి. దాని కొలతలు వచ్చే దశలో రాస్తాను.